డ్రైవరు అదనం

డిపోలో అతన్ని అందరూ హారన్ అనేవాళ్ళు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో పట్టుమని పదిసార్లు కూడా హారన్ కొట్టలేదు కనుక ఆ పేరు. డిపో హాస్యం అలాగే ఉంటుంది. గాలేస్తే ఎగిరిపోయేలా ఉన్నవాణ్ణి బస్తా అంటారు, నోరు మూయనివాణ్ణి మౌనం అంటారు. అతని అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. ఇంట్లో భార్య కూడా కోపం వచ్చినప్పుడు హారన్ గారూ అనే పిలిచేది.

రిటైరయ్యాక రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడు అనడం మర్యాద కోసం. వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్దాడు, భార్య ఉప్పు కోసం వెతుక్కుంటుంటే తప్పు ఆమెదేనని వాదించాడు. ఆమె తల ప్రాణం తోకకొచ్చి, లైబ్రరీకి వెళ్ళి అక్కడి మేడమ్‌ను బతిమాలి, పుస్తకాల వ్యాన్ నడిపే పని పెట్టించింది. అప్పటి నుంచి తొమ్మిదేళ్ళుగా అతను వృద్ధాశ్రమానికి, ఆసుపత్రికి, ఊరి చివరి ఇళ్ళకు పుస్తకాలు మోస్తున్నాడు. మోయడమే, చదవడం మాత్రం లేదు. అక్షరాలు వచ్చు కానీ అతనికి బోర్డులు, ట్రిప్ షీట్లు చదివే చదువే సరిపోయింది.

లైబ్రరీ మేడమ్ కళ్ళజోడు తలమీద పెట్టుకుని ఊరంతా వెతికే మనిషి. మనిషి మెత్తన, పట్టు మాత్రం ఇనుము. ఆ ఏడు ఊరంతా ఒకే పుస్తకం చదవాలని తీర్మానించింది. దాన్ని ఎక్కడి నుంచో కొనుక్కురాలేదు. అవతలి పట్టణాల్లో కాల్పులు మొదలైనప్పుడు కట్టుబట్టలతో పారిపోయి, ఎక్కడెక్కడో తిరిగి, చివరికి ఈ ఊళ్ళో స్థిరపడ్డవాళ్ళు పదకొండుగురు ఉన్నారు. రెండేళ్ళు వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకుని పుస్తకంగా అచ్చు వేయించింది. పేర్లు లేవు. అధ్యాయానికి ఒక వృత్తి మాత్రం ఉంటుంది, వడ్రంగి చెప్పింది, నర్సు చెప్పింది, అలా. ఎవరు ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు, అయినా తెలియనట్టే ఉండటం మర్యాద.

ప్రతి శనివారం మధ్యాహ్నం ఒక అధ్యాయం గట్టిగా చదవాలి. క్షౌరశాలలో ఒకటి, ఫైర్ స్టేషన్‌లో ఒకటి, ఈతకొలను పక్క హాలులో ఒకటి. చదివేది చీటీ తీస్తే వచ్చినవాళ్ళు. చెప్పినవాళ్ళు మొదటి వరసలో కూర్చుని వింటారు. మేడమ్ పెట్టిన నిబంధన ఒక్కటే, చదివేవాళ్ళు ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు. వాళ్ళ బతుకు వాళ్ళ మాటల్లోనే ఉండాలి అనేది. మొదట్లో అందరూ మొహమాటానికి వెళ్ళారు. నాలుగో వారానికి కుర్చీలు చాలలేదు. ఫైర్ స్టేషన్‌లో చదివిన రోజు అంత పొడుగు మనుషులూ తలలు వంచుకుని ముక్కులు తుడుచుకోవడం హారన్ కళ్ళారా చూశాడు.

తొమ్మిదో అధ్యాయం బస్ డిపో షెడ్డులో అని నిర్ణయించారు. చీటీ హారన్‌కు వచ్చింది. ఇంజను మోత మీంచి అరిచిన గొంతు, షెడ్డు మొత్తం వినపడుతుందిలే అని పాత సహోద్యోగులు ఏడిపించారు. అతనూ నవ్వాడు. అది కుట్టుపనావిడ చెప్పిన అధ్యాయమని ఇంటికి వెళ్ళి పుస్తకం తెరిచాకే తెలిసింది.

కుట్టుపనావిడ షాపు లైబ్రరీ వీధి మలుపులో ఉంటుంది. ఒక గది, రెండు మిషన్లు, కిటికీలో వేలాడే సగం కుట్టిన కోట్లు. పన్నెండేళ్ళ కిందట వచ్చింది. ఒంటరి మనిషి. మాట తక్కువ, కుట్టు గట్టి. హారన్‌ను అన్నయ్యా అని పిలుస్తుంది. వారానికోసారి వ్యాన్ ఆ మలుపులో ఆగినప్పుడు ఆమెకు పుస్తకాలు అందిస్తాడు, పాతవి తీసుకుంటాడు. అంతకుమించి ఇద్దరి మధ్యా పరిచయం లేదని అతను అనుకున్నాడు.

బుధవారం భోజనాలయ్యాక భార్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. పదం పదం కూడబలుక్కుంటూ, వేలు పెట్టి చదువుతున్నాడు. ఆమె చొక్కాలకు ఇస్త్రీ చేస్తూ వింటోంది. రెండో పేజీలో బస్సు వచ్చింది. కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టి, బయటివాళ్ళకు లోపల మనుషులున్నట్టు తెలియకుండా చేసిన బస్సు. పట్టపగలే లోపల చీకటి. ఎవరూ మాట్లాడకూడదు, దగ్గకూడదు. హారన్ చదువు నెమ్మదించింది.

"మూతపడ్డ ఫ్యాక్టరీ దగ్గర పది నిమిషాలు ఆపారు. పంపు దగ్గర నీళ్ళు తాగాం. నా పాపకు ఆరేళ్ళు. వాళ్ళ మేనత్తతో వెనక సీట్లో ఉంది. పంపు దగ్గర ఏడాదిన్నర పిల్లవాడు ఒంటరిగా నిలబడి ఏడుస్తున్నాడు. ఎవరి బిడ్డో తెలియదు. వదిలేసి ఎలా వస్తాను? ఎత్తుకుని బస్సెక్కాను. డ్రైవరు చీకట్లో ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టుకుంటూ వెళ్ళాడు. నా తల మీద ఆ చెయ్యి ఒక క్షణం ఆగింది. అందరూ ఎక్కారా అని అడిగాను. లెక్క సరిపోయింది, కూర్చో అమ్మా అన్నాడు గుసగుసగా."

ఇక్కడ హారన్ ఆగిపోయాడు. భార్య ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, కళ్ళజోడు కావాలా అంది. వద్దన్నాడు. తరవాతి పేజీ బయటికి చదవలేదు, పెదాలు మాత్రం కదిలాయి. శరణార్థుల క్యాంపుకు చేరాక గుమాస్తా పేర్లు పిలిచాడని, పాప పేరుకు జవాబు రాలేదని ఉంది. మేనత్త జ్వరంతో సోలిపోయి ఉందని, పాప అమ్మ దగ్గరికి వెళ్ళిందనుకుందని ఉంది. అక్కడి ఆఫీసరు తలలు లెక్కపెట్టి, షీటు ప్రకారం నలభై ఆరు సరిగ్గానే ఉన్నాయి, షీటులో లేని ఈ పిల్లవాణ్ణి నువ్వు ఎక్కించావు కదా, వీడు నీ పాప లెక్కలోకి వచ్చేశాడు, అందుకే డ్రైవరుకు తెలియలేదు అన్నాడని ఉంది. వెనక్కి వెళ్ళే దారి ఆ సాయంత్రమే మూసేశారు. పాప ఇక దొరకలేదు.

"డ్రైవరును నేను ఎన్నడూ తప్పు పట్టలేదు. అతను లెక్కపెట్టాడు. లెక్క తప్పించింది నేను. జాలిపడి ఒక బిడ్డను ఎత్తుకుని, నా బిడ్డ చోటు వాడికి ఇచ్చేశాను." అధ్యాయంలో ఆఖరి వాక్యాలు అవి.

హారన్ పుస్తకం మూసి బల్ల మీద బోర్లించాడు. ఆ డ్రైవరు నేనే అన్నాడు. భార్యకు మొదట అర్థం కాలేదు. ఆ ఏడాది అతను నెలరోజులు ఎక్కడికో డ్యూటీకి వెళ్ళాడని, తిరిగొచ్చి దూరపు రూట్లు వద్దని టౌన్ సర్వీసు అడిగి వేయించుకున్నాడని మాత్రమే ఆమెకు తెలుసు. నడుము నొప్పి అన్నాడు అప్పుడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆమె ఆ నడుముకు కాపడం పెట్టింది.

అసలు జరిగింది ఇది. ఆఫీసరు చెప్పింది తప్పు. ఫ్యాక్టరీ దగ్గర హారన్ లెక్కపెట్టినప్పుడు నలభై ఆరు రాలేదు. నలభై అయిదే వచ్చాయి. ఒళ్ళో పిల్లల మీద అతను చెయ్యే పెట్టడు. డిపో అలవాటు అది, ఒళ్ళో పిల్లలకు టికెట్టూ లేదు, లెక్కలో తలా లేదు. కనుక ఆ పిల్లవాడు లెక్కలోకి రానే లేదు. ఇక రెండో అలవాటు. డిపో ట్రిప్ షీటు మీద వేసే సంఖ్యలో డ్రైవరు కూడా ఉంటాడు. బస్సు లోయలో పడితే ఎందరి కోసం వెతకాలో తెలియాలి కదా, డ్రైవరు మనిషి కాడా అన్నది డిపో తర్కం. పన్నెండేళ్ళుగా అలాగే లెక్కపెట్టినవాడు ఆ రోజూ అలాగే పెట్టాడు. నలభై అయిదు, నాతో నలభై ఆరు. గేటు దగ్గర సిపాయిలు బండి తీయమని తొందరపెడుతున్నారు. బండి తీశాడు.

క్యాంపులో ఆ తల్లి నేల మీద పడి దొర్లుతుంటే అతను షీటు తీసి చూశాడు. అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంది, మొత్తం నలభై ఆరు, డ్రైవరు అదనం. అది డిపో షీటు కాదు, బయల్దేరేటప్పుడు క్యాంపు వాళ్ళే మనుషుల్ని లెక్కపెట్టి ఎక్కించి అతని చేతికిచ్చిన క్యాంపు షీటు. ఆ ఆఖరి మాట అతను అంతకుముందు చదవలేదు. లెక్కపెట్టావా అని ఆఫీసరు అడిగాడు. పెట్టాను, నలభై ఆరు అన్నాడు. అప్పుడు ఆఫీసరు ఆ పిల్లవాడి సంగతి కనిపెట్టి ఆమెకు వివరించాడు. హారన్ పక్కనే నిలబడి విన్నాడు. కాదు సార్, తప్పు నాది అనడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, అది వేరు. తన పొరపాటు ఇంకొకరి నెత్తిన పడుతుంటే చూస్తూ ఊరుకోవడం వేరు. దానికి అలవాటు అనే సాకు లేదు.

భార్య చాలాసేపు ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్ళీ ఇస్త్రీ చేసింది. తరవాత, పాప తిరిగొస్తుందా అని అడిగింది. రాదన్నాడు. మరి ఇప్పుడు చెప్పి ఎవరిని ఉద్ధరిస్తారు, ఆవిడ మిమ్మల్ని తప్పు పట్టలేదని అచ్చులోనే ఉంది కదా, చీటీ వేరేవాళ్ళకు ఇచ్చేయండి, గొంతు బాగాలేదని చెప్పండి అంది. ఆమె చెడ్డ మనిషి కాదు. ముసలితనంలో భర్త ఊరి ముందు తలవంచుకోవడం చూడలేని మనిషి, అంతే.

"నన్ను తప్పు పట్టలేదు, నిజమే. తనను తాను పట్టుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా నా తప్పు ఆవిడ మోస్తోంది. అది దించగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నాను."

మర్నాడు పొద్దున అతను కోటు గుండీ ఒకటి కావాలనే పీకి, జేబులో వేసుకుని కుట్టుపనావిడ షాపుకు వెళ్ళాడు. చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా అనుకున్నాడు. ఆమె కూర్చోమని కుర్చీ చూపించి, కోటు తీసుకుని, సూదిలో దారం ఎక్కించింది. శనివారం నా అధ్యాయం మీకు వచ్చిందటగా అన్నయ్యా అంది. అవునన్నాడు. మీరు చదవడం మంచిదే, బస్సు సంగతులు మీకు తెలుస్తాయి, తప్పులు లేకుండా చదువుతారు అంది. ఆ మాటలో వెటకారం లేదు, ఉంటే బాగుండుననిపించింది అతనికి. నీళ్ళు నములుతూ కూర్చున్నాడు. ఆమె గుండీ కుట్టి, దారం పంటితో తెంపి, మిగతా గుండీలు కూడా వదులుగా ఉన్నాయని వాటినీ బిగించి ఇచ్చింది. కోటు తొడుక్కుని వచ్చేశాడు. వ్యాన్‌లో కూర్చుని స్టీరింగ్ మీద తల పెట్టుకుని తనను తాను తిట్టుకున్నాడు. అది కూడా లోలోపలే, బయటికి వినపడకుండా.

శనివారం షెడ్డులో బస్సులన్నీ బయటికి తీసి, నేల కడిగి, బెంచీలు వేశారు. ఎంత కడిగినా డీజిలు వాసన పోలేదు. రెండు వందల మంది వచ్చారు. మేడమ్ కళ్ళజోడు వెతుక్కుంటుంటే ఎవరో తల మీద చూపించారు. కుట్టుపనావిడ మొదటి వరసలో, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. హారన్ భార్య ఆఖరి వరసలో, గుమ్మం పక్కన కూర్చుంది.

అతను చదివాడు. బాగానే చదివాడు. మూడు రోజులు వేలు పెట్టి చదివిన పేజీలు నోటికే వచ్చేశాయి. లెక్క సరిపోయింది, కూర్చో అమ్మా అన్న చోట కూడా ఆగలేదు. ఆఖరి వాక్యం దాకా ఒక్క మాట తీయకుండా వెళ్ళాడు. జనం నిట్టూర్చారు. మేడమ్ లేవబోయింది. అప్పుడు అతను నిబంధన తప్పాడు.

పుస్తకం మూసి, ఆ బస్సు నడిపింది తనేనని చెప్పాడు. నలభై అయిదు సంగతి చెప్పాడు, ఒళ్ళో పిల్లల సంగతి చెప్పాడు, షీటు అడుగున ఉన్న మాట చెప్పాడు, ఆఫీసరు ముందు నోరు మెదపకపోవడం చెప్పాడు. ఆ పిల్లవాణ్ణి ఎక్కించినా, ఎక్కించకపోయినా నేను బండి తీసేవాణ్ణే అమ్మా, నువ్వు ఏ లెక్కా తప్పించలేదు అన్నాడు. ఇదంతా పాత డ్రైవర్లు బ్రేకు ఫెయిలైన సంగతి డిపో మేనేజరుకు చెప్పుకునేటట్టు, వరసగా, ఏడవకుండా చెప్పాడు.

తరవాత ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు. ఎందుకు కొట్టారో వాళ్ళకే తెలియాలి. ఆ వెనక ఇంకొందరు కొట్టారు. ఫైర్ స్టేషన్ వాళ్ళు వచ్చి భుజం తట్టారు. ఈ వయసులో ఇంత ధైర్యం ఎవరికుంటుంది అన్నారు. అప్పటి పరిస్థితులు అలాంటివి, నీ తప్పేముంది హారన్ అని పాత కండక్టరు కౌగిలించుకున్నాడు. మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ, ఈ పుస్తకం వేసినందుకు ఇవాళ ఫలితం దక్కిందంది. ఊరు ఊరంతా నిలబడి, తమ పట్ల జరగని తప్పును క్షమించేసింది. హారన్‌కు గుండె మీది బరువు నిజంగానే దిగింది. అంత హాయిగా ఊపిరి పీల్చుకుని ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తు లేదు. ఇలా హాయిగా ఉండటం తప్పేమో అన్న అనుమానం కూడా అప్పుడే వచ్చింది.

కుట్టుపనావిడ కూర్చున్న చోటు నుంచి లేవలేదు. జనం టీ కోసం షెడ్డు అవతలికి వెళ్ళాక, బెంచీలు ఖాళీ అయ్యాక, లేచి అతని దగ్గరికి వచ్చింది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. హారన్ చేతులు జోడించాడు. ఆ చేతులను ఆమె చూడనైనా లేదు.

"మొన్న గురువారం గుండీ కుట్టించుకున్నారు. అప్పుడు గదిలో మనిద్దరమే ఉన్నాం."

అతను తల వంచుకున్నాడు. అప్పుడు ధైర్యం చాలలేదని గొణిగాడు. రెండు వందల మంది ముందు చాలిందా అని ఆమె అడగలేదు. అడగాల్సిన అవసరం లేకుండానే అతనికి అది వినపడింది. తను ఆమెకు చెప్పలేదు, ఊరికి చెప్పి ఆమెను విననిచ్చాడు.

"ఆ పిల్లవాడి గురించి పుస్తకంలో తక్కువ చెప్పాను, మేడమ్ అడిగినా చెప్పలేదు." ఆమె గొంతు షాపులో కొలతలు చదివే గొంతులాగే ఉంది. "క్యాంపులో రెండేళ్ళు నా పక్కలోనే పడుకున్నాడు. వాడికి ఇంకెవరూ లేరు. అమ్మా అనేవాడు. ఒక్కసారి కూడా పలకలేదు. వాడి మొహం చూస్తే నా పాప చోటు తిన్నవాడు వీడు అనిపించేది. జ్వరమొస్తే మందు పోశాను, ఒళ్ళోకి మాత్రం తీసుకోలేదు. ఎవరో పిల్లల్లేని దంపతులు వచ్చి అడిగితే, ఏ ఊరు అని కూడా అడక్కుండా ఇచ్చేశాను. పోనని నా స్వెటర్ పట్టుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటే నేనే విప్పాను."

హారన్ ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"పాపను మీరు పోగొట్టారు. సరే. వాణ్ణి నేను పోగొట్టుకున్నాను. ఆ రోజు మీరు నోరు తెరిచి ఒక్క మాట అని ఉంటే, నాకు ఒక బిడ్డయినా మిగిలేవాడు." షెడ్డు అవతల జనం టీ తాగుతూ మాట్లాడుకుంటున్నారు, ఎవరో హారన్ పేరు మెచ్చుకోలుగా పలుకుతున్నారు. "ఇప్పుడు వాడికి ముప్పై రెండేళ్ళు దాటి ఉంటాయి. వాడి తప్పేం లేదని వాడికి చెప్పాలి. ఎక్కడని వెతకను, ఎవరిని అడగను? చెప్పండి."

అది నిష్ఠూరం కాదు. ఆమె జవాబు కోసమే అడిగింది. అతని మొహంలోకి చూస్తూ, అతను ఏం చెబుతాడోనని నిలబడే ఉంది.